చెప్పని పథ్యం

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. ఎవరైనా తలుపు గట్టిగా కొడితే ముందు ఆ మాటే గుర్తొస్తుంది. కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తబోయి ఆగిపోతాను. రేపల్లె నుంచి వచ్చే రైలు కూత వినపడితే చాలు, చేస్తున్న పని ఆపి గుమ్మం వైపు చూస్తాను. పాడు అలవాటు. ఆరేళ్లయినా పోలేదు.

నా పేరు చెప్పను. భయం. మీరు తెనాలి ఆడవాళ్లయితే మా పార్లర్ మెట్లు ఎక్కే ఉంటారు, మీ కనుబొమలు నా చేతి దారం కిందికి వచ్చే ఉంటాయి. నోరుగల మనిషినని ఊళ్లో నాకు పేరు. ఎదుటివాళ్లని ఒక్క మాటకి నాలుగు అంటించి పంపిస్తాను. ఈ ఒక్క సంగతిలో మాత్రం నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలీదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

నేను ఒక మనిషి మొహం పాడు చేశాను. అది పొరపాటు. ఆ పొరపాటు ఆవిడదేనని ఆవిడనే నమ్మించాను. అది పొరపాటు కాదు.

మొదట్నుంచీ చెప్తాను, లేకపోతే మళ్లీ ఎక్కడో ఒకచోట నన్ను నేను కాపాడుకుంటాను.

మాది కొల్లిపర దగ్గర పల్లె. నాన్నకి పురుగుమందుల కొట్టుండేది. రైతులు రెండు మూడు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొడతారు, ఒక్క కూలితో పనైపోతుందని. కలపబోయే ముందు నాన్న ఒక పరీక్ష చేయించేవాడు. గాజుసీసాలో రెండిటినీ కొంచెం కొంచెం పోసి, ఊపి, పావుగంట ఆగి చూడమనేవాడు. పాలు విరిగినట్టు విరిగినా, అడుక్కి ముద్దగా దిగినా కలపొద్దు. తేటగా ఉంటే కొట్టుకోవచ్చు. చిన్నప్పుడు ఆ సీసా ఊపే పని నాదే. ఎండకి పట్టి చూసి "విరగలేదు నాన్నా" అనేదాన్ని. ఆ మాట అనడం నాకెంతో గొప్పగా ఉండేది.

పదో తరగతితో చదువు ఆగిపోయింది. పార్లర్ పని నేర్చుకున్నాను. పెళ్లయి తెనాలి వచ్చాక సొంతంగా పెట్టుకున్నాను. అంతా బాగానే ఉంది. అంతటితో ఆగితే బాగుండేది. ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ పెప్టైడ్ల మీద పడ్డాను.

మీకు తెలీకపోతే చెప్తాను. పెప్టైడ్లంటే మాంసకృత్తుల్లోని చిన్న చిన్న ముక్కలు. చర్మం కాలినా చితికినా, బాగుచేసుకోమని లోపలికి కబురు మోస్తాయట. ఒకటి నీలంగా ఉంటుంది, అందులో రాగి ఉంటుందట. ఇంకోటి తెల్లపొడి. ఒక్కోటి ఒక్కో కబురు మోస్తుందట, రెండూ కలిపితే పని తొందరగా అవుతుందట. అట, అట, అట. నా చదువంతా ఆ 'అట'ల దాకానే. కంపెనీవాళ్లు క్రీముల్లో కొద్దిగా కలిపి అమ్మేవి వేరు. నేను తెప్పించినవి వేలెడంత గాజుసీసాల్లో వచ్చిన పొడి. సీసా మీద చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు, పరిశోధనకి మాత్రమే, మనుషులకి వాడకూడదు అని. కూడబలుక్కుని చదివాను. చదివి, ఆ కాగితాన్ని వేడినీళ్లలో నానబెట్టి గోటితో గీకేశాను.

చూశారా? అక్కడే దొరికిపోయాను. తెలీని దాన్నయితే గీకడం దేనికి?

పార్లర్ పైగదిలో ఆదివారాలు క్లాసు మొదలుపెట్టాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకి పెప్టైడ్లు కలపడం గురించి తేలిక తెలుగులో ఎనిమిది పేజీల నోట్సు రాశాను. జిరాక్సులు తీయించాను, ఫోన్ గ్రూపులో కూడా పెట్టాను. పదకొండు మంది అమ్మాయిలు చేరారు. పొన్నూరు నుంచి ఒకమ్మాయి బస్సెక్కి వచ్చేది. నన్ను మేడం అనేవాళ్లు. పదో తరగతి దాన్ని పట్టుకుని మేడం అంటే కాలు నేల మీద ఆగుతుందా? ఆ నోట్సులో నాన్న సీసా పరీక్ష కూడా రాశాను. ఊపండి, పావుగంట ఆగండి, విరక్కపోతే వాడండి అని రాశాను. రాస్తుంటే నేనేదో కనిపెట్టినట్టు పొంగిపోయాను.

క్లాసుకి ఒక ఫోటో కావాల్సొచ్చింది. ముందు ఇట్టా ఉంది, తర్వాత ఇట్టా అయింది అని చూపించేది. అప్పుడు నా కళ్లు నాంచారమ్మ మీద పడ్డాయి.

నాంచారమ్మ రేపల్లె అవతల సముద్రం దగ్గరి పల్లె మనిషి. పొద్దున్నే చేపల బుట్టతో రైలు దిగి మా వీధిలోకి వచ్చేది. నాకంటే పదేళ్లు పెద్దది. అయినా ఆవిడ నన్ను అమ్మగారూ అనేది, నేను ఆవిణ్ని నువ్వు అనేదాన్ని. మా ఊళ్లలో అదంతే. వేపుడు చేస్తుంటే నూనె చింది ఎడమ చెంప మీద నాలుగు వేళ్ల వెడల్పున మచ్చ పడింది. వాడుక ఇళ్లవాళ్లు పట్టించుకోరు గానీ, కొత్తవాళ్లు బుట్ట దగ్గరికొచ్చి, మొహం చూసి, చేప ముట్టుకోకుండా వెళ్లిపోతున్నారని ఒకరోజు వాపోయింది. మొహం మీద మచ్చ చూసి ఆవిడ చేపకి రోగమనుకుంటున్నారట. "నీ మచ్చ నేను పోగొడతాను, రూపాయి వద్దు" అన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. చేతులు చేపల వాసన కొడుతున్నాయని నేను వెనక్కి లాక్కున్నాను. అది కూడా చెప్పాలి కదా.

సన్నటి సూదులున్న రోలర్ ఒకటుంటుంది. దాన్ని చెంప మీద దొర్లించి, ఆ సన్న రంధ్రాల్లోకి మందు దిగేలా రాయాలి. రెండుసార్లు చేశాను. ఆ రెండుసార్లూ మందుల షాపులో దొరికే శుభ్రమైన ఇంజెక్షన్ నీళ్లతోనే పొడి కలిపాను. మచ్చ నిజంగానే కాస్త తేలికపడింది. ఫోటో తీశాను. ఎడమ చెంప మాత్రమే, కన్ను కొంచెం. గ్రూపులో పెడితే అమ్మాయిలందరూ చప్పట్ల బొమ్మలు పంపారు.

మూడోసారి ఇంజెక్షన్ నీళ్లు అయిపోయాయి. మధ్యాహ్నం, మందుల షాపు షట్టరు దించి భోజనానికి వెళ్లారు. అరగంట ఆగితే తెరుస్తారు. "బండి పోద్దండీ అమ్మగారూ" అని ఆవిడ తొందర. నాకూ తొందరే, ఆ సాయంత్రం పెళ్లికూతురి మేకప్ ఉంది. గట్టు మీద స్టీలు బిందెలో క్యాను నీళ్లున్నాయి. మరగబెట్టి చల్లార్చినవే అనుకున్నాను. మరగబెట్టానా? ముందురోజు మరగబెట్టానా, లేక మరగబెడదామనుకుని మర్చిపోయానా? ఆరేళ్లుగా ఆ స్టౌ దగ్గరికి వెళ్లి వెతుకుతూనే ఉన్నాను, మంట వెలిగించినట్టు గుర్తు రాదు. నాన్న అయితే పొలానికి కాలవ నీళ్లే కలిపేవాడుగా అనుకున్న సంగతి మాత్రం బాగా గుర్తుంది.

సీసాలో కలిపాను. ఊపాను. కిటికీ వెలుగుకి పట్టి చూశాను. లేతనీలంగా, అద్దంలా ఉంది. విరగలేదు.

పురుగుమందుకి ఆ పరీక్ష చాలు. మనిషి చెంపకి చాలదని నాకు చెప్పినవాళ్లు లేరు అని ఇన్నాళ్లూ సమర్థించుకున్నాను. అబద్ధం. సీసా మీద చెప్పారు. నేనే గీకేశాను.

మూడు వారాలకి ఆవిడ కొంగు చెంపకి అడ్డం పెట్టుకుని వచ్చింది. కొంగు తీసింది. మచ్చ ఉన్నచోట, దాని చుట్టూ, ఎర్రటి గడ్డలు. శనగ్గింజలంత. రెండు పగిలి రసి కారుతున్నాయి. బుట్ట లేదు, ఉత్త చేతుల్తో వచ్చింది. పార్లర్లో అప్పుడు ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. అద్దంలోంచి చూస్తున్నారు. వాళ్లు వింటున్నారన్న భయం ఒక్కటే నాకు. ఆవిడకేమైందన్న భయం కాదు, చెప్తున్నాగా, వాళ్లు వింటున్నారన్న భయం. ఆ భయంలోంచి నా నోటికి ఒక మాటొచ్చింది.

"చేపలు తిన్నావా?"

ఆవిడ తెల్లబోయింది. "చేపలు తినకుండా మేమెట్టా ఉంటామండీ?"

"పథ్యం చెప్పానుగా నీకు! చేప ముట్టుకోవద్దని, తినొద్దని, చెప్పానా లేదా?"

చెప్పలేదు. ఒక్క ముక్క చెప్పలేదు. చేపకీ ఆ గడ్డలకీ సంబంధమే లేదు. పథ్యం అన్న ఆలోచన ఆ నిమిషం దాకా నా బుర్రలోనే లేదు. కానీ మన దగ్గర ఆ మాటకి ఎంత బలం ఉందో మీకు తెలుసు. మందు వికటిస్తే వైద్యుణ్ని ఎవరూ అడగరు. పథ్యం తప్పావా అని రోగినే అడుగుతారు.

నాంచారమ్మ నావైపు చూసింది. నేను కళ్లు తిప్పుకోలేదు. తిప్పుకుని ఉంటే అప్పుడే బయటపడేదేమో. ఆవిడ కాసేపు తనలో తను వెతుక్కుంది. ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం వెతికినట్టు.

"చెప్పారామ్మగారూ? చెప్పే ఉంటార్లెండి. పాడు బుర్ర, నేనే మర్చిపోయుంటాను."

కస్టమర్లలో ఒకావిడ అద్దంలోంచే అంది, "ఎంత చెప్పినా వినరండీ వీళ్లు." నేను తలూపాను.

అంతే జరిగింది. గట్టిగా రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ రోజే పైగదికి వెళ్లి నోట్సు తీశాను. అయిదో పేజీలో కింద కొంచెం జాగా ఉంటే, అదే పెన్నుతో అదే అక్షరాలతో ఒక వాక్యం ఇరికించాను. 'పథ్యం: చేప, రొయ్య, ఎండుచేప ముట్టరాదు, తినరాదు.' మళ్లీ జిరాక్సు తీయించి, అమ్మాయిల దగ్గరున్న పాతవి వెనక్కి తీసుకుని చింపేసి, గ్రూపులో పాతది తీసేసి కొత్తది పెట్టాను. ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి. ఎవరూ అడగలేదు. అమ్మాయిలు మాత్రం శ్రద్ధగా చదువుకున్నారు.

ఇంకా ఉంది. దీన్ని చెప్పకుండా ఆపేద్దామా అని పెన్ను కింద పెట్టి కాసేపు వీధిలో తిరిగొచ్చాను.

అయిదో వారానికి నాకు తెలిసిపోయింది. ఫోన్‌లో వెతికాను, ఇంగ్లీషు అర్థంకాని చోట మా బంధువుల అమ్మాయి చేత, ఎందుకో చెప్పకుండా, చదివించుకున్నాను. సూదులు గుచ్చినచోట మంచివి కాని నీళ్లు దిగితే, వాటిలోని క్రిములు వారాల తర్వాత గడ్డలుగా తేలతాయట. మామూలు మందులకి లొంగవట. గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేయాలట. ఈసారి 'అట'లు నిజాలు. అదేనని డాక్టరుగా తేల్చి చెప్పలేను గానీ, ఆ వాక్యం వినగానే నాకు బిందె కళ్లముందు కనిపించింది. ఇక నాకు అనుమానం లేదు.

అప్పటికి నాంచారమ్మ బాపట్లలో ఉన్న చెల్లెలి ఇంట్లో ఉండి అక్కడ డాక్టరుకి చూపించుకుంటోంది. ఒకరోజు ఫోన్ చేసింది. డాక్టరుగారు చెంపకి ఏం రాశావని గుచ్చి గుచ్చి అడిగారట. ఏమీ రాయలేదని చెప్పిందట. మీరు మంచి చెయ్యబోయారు, నేను పథ్యం తప్పాను, మధ్యలో మీకు మాట రావడం దేనికి అంది.

నాకేం అనిపించిందో చెప్పనా? సంతోషం. సిగ్గు కాదు, జాలి కాదు. హమ్మయ్య అనిపించింది. టీ పెట్టుకుని తాగాను.

ఒక్క మాట చాలు. "నాంచారమ్మా, సూదులు గుచ్చానని, క్యాను నీళ్లు వాడానని డాక్టరుగారికి చెప్పు" అంటే చాలు. ఆ ముక్క పరీక్ష ఆ వారమే జరిగేది. నేననలేదు. పోలీసులొస్తారని, బోర్డు పీకేస్తారని, మేడం అనే అమ్మాయిలు వీధిలో మొహం తిప్పుకుంటారని. ఏడు నెలలు ఆ డాక్టరుగారు పైపూతలే రాసిస్తూ పోయారు. ఆవిడ జ్వరాల పాలైంది. గడ్డలు దవడ దాకా దిగాయి. చివరికి వేరే డాక్టరెవరో తనంతట తనే ముక్క తీసి పరీక్షకి పంపితే, అప్పుడు తెలిసింది. నెలల తరబడి మాత్రలు మింగింది. గడ్డలు పోయాయి, గుంటలు మిగిలాయి. ఇదంతా ఆవిడే అప్పుడప్పుడూ ఫోన్ చేసి చెప్పేది, సొంతమనిషికి చెప్పినట్టు. కొన్నాళ్లకి నేను ఫోన్ ఎత్తడం మానేశాను.

మా వీధిలోకి వేరే ఆవిడ చేపలు తేవడం మొదలుపెట్టింది. నేను కిటికీ మూసుకునేదాన్ని.

ఇప్పుడు ఇదంతా ఎందుకు బయటికొస్తోందంటే, పోయిన శుక్రవారం బాపట్లలో పెళ్లి మేకప్‌కి వెళ్లాను. తిరిగి రైలెక్కబోతుంటే స్టేషన్ బయట ఎవరో "అమ్మగారూ" అని పిలిచారు. ఆ గొంతు వెనక్కి తిరక్కుండానే తెలిసింది. పారిపోదామనుకున్నాను, నిజం, చేతిలో మేకప్ పెట్టె లేకపోతే పరిగెత్తేదాన్నే.

తట్ట ముందు కూర్చుని జామకాయలు అమ్ముతోంది. ఎడమ చెంప వేలితో నొక్కిన పిండిలా గుంటలు పడి ఉంది. నవ్వితే ఆ వైపు పెదవి సరిగ్గా లేవడం లేదు. నన్ను చూసి అంత సంబరపడుతుందని అనుకోలేదు. తిట్టినా బాగుండేది. జామకాయ కోసి ఉప్పూకారం అద్ది చేతిలో పెట్టింది. చేపల బుట్ట తోడికోడలికి ఇచ్చేసిందట. ఇంట్లో చేపల పులుసు పెట్టిన రోజు తను పచ్చడి మెతుకులు తిని లేస్తుందట. ఆరేళ్లుగా చేప ముట్టుకోలేదట, ఎండుచేప కూడా. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. చేప ముట్టకుండా, చేప అమ్మకుండా, ఎవరి ఊళ్లోనో జామకాయలు.

ఇదంతా నవ్వుతూనే చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, తప్పు చేసిన పిల్లలా అడిగింది, "ఇంకా ఎన్నాళ్లుండాలండీ పథ్యం? వాసనకి నోరూరిపోద్దండీ."

దేవుడు దారి తెరిచి పెట్టినట్టే కదా. "ఇవాళే తిను" అంటే అయిపోయేది. అంటే ఎట్టా? ఇవాళ తినొచ్చంటే నిన్నెందుకు తినకూడదు అంటుంది. పోయినేడు ఎందుకు కూడదు అంటుంది. ఒక్కో పోగూ లాగుతూ చివరికి ఆ రోజు పార్లర్లో అద్దం ముందుకి వస్తుంది. అనౌన్స్‌మెంట్ వినపడుతోంది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇంకొన్నాళ్లుండు నాంచారమ్మా" అన్నాను.

"అట్టాగేనండీ" అంది.

రైల్లో కూర్చున్నాక చూస్తే జామకాయ చేతిలోనే ఉంది. పొన్నూరు దాటాక కిటికీలోంచి పారేశాను.

ఆరేళ్ల కిందటి మాట భయంతో వచ్చింది అని చెప్పుకునేదాన్ని. మరి శుక్రవారం నాటి మాట? అదీ భయమే. అయితే నా బతుకంతా ఇంతేనా? నాకు భయం వేసినప్పుడల్లా ఆవిడ నోటిదగ్గరి ముద్ద లాక్కోవడమేనా? ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. ఇది రాస్తున్నానని ఇంట్లోవాళ్లకి తెలీదు.

నిన్న పొద్దున ఆ పాత గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఆ నోట్సు ఎవరూ వాడొద్దు, ఆ పొడులు మనుషులకి కాదు, సీసా పరీక్ష ఉత్తది, ఫోటోలో ఉన్న ఆవిడకి తర్వాత చెంపంతా గడ్డలొచ్చాయి, దానికి కారణం నేను, అని. ఎక్కువమంది చూసి ఊరుకున్నారు. పొన్నూరు అమ్మాయి మాత్రం అడిగింది, మేడం మీ ఫోన్ ఎవరి చేతిలోనైనా పడిందా అని. ఆ పిల్ల ఇప్పుడు సొంతంగా క్లాసులు చెప్తోందట. తన వీడియో పంపింది. అందులో నాంచారమ్మ ఎడమ చెంప ఉంది. కింద నా పథ్యం ఉంది, చేప, రొయ్య, ఎండుచేప, అదే వరసలో. ఫోన్ నాదే, మాటా నాదే అని జవాబు పెట్టాను. ఆ పిల్ల తన వీడియో ఇంకా తీసెయ్యలేదు.

బాపట్ల వెళ్లాలి. వెళ్తానో లేదో నా మీద నాకే నమ్మకం లేదు, అందుకే ముందు మీకు చెప్పాను. ఆవిడ ఏమంటుందో తెలీదు. కేసు పెట్టినా పెట్టొచ్చు, తట్టెత్తి నా నెత్తిన కొట్టినా కొట్టొచ్చు. అన్నిటికంటే నాకు భయం ఏంటంటే, "పోన్లెండి అమ్మగారూ" అంటుందేమోనని. ఆ మాట తీసుకునే హక్కు నాకు లేదు.

అనాల్సింది మాత్రం రాసుకున్నాను. పార్లర్ తలుపేసుకుని అద్దం ముందు నిలబడి ఒకసారి పైకి చదివాను. ఆరేళ్లలో మొదటిసారి పూర్తిగా ఊపిరి అందింది. క్షమించమని అందులో లేదు. ఇంతే ఉంది:

చేప తిను నాంచారమ్మా. నేను నీకు పథ్యం చెప్పలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ చెప్పలేదు. నువ్వేం మర్చిపోలేదు.